సముద్రం కోట చూసొచ్చిన సౌభాగ్యలక్ష్మిగారు

పడవ రేవు వదిలేటప్పటికి సౌభాగ్యలక్ష్మిగారు అందులో ఉన్నారు. ఆవిడ ఉండవలసింది ఒడ్డు మీద.

జరిగింది ఇంతే. కోట చూడ్డానికి పడవ ఎక్కిన మేమంతా మంచినీళ్ళు మరిచిపోయాం. ఆ సంగతి ఒడ్డున ఉన్న ఆవిడే గమనించి, కూజా పట్టుకుని మెట్ల చివరిదాకా వచ్చారు. చెయ్యి చాపితే అందలేదు. ఒక కాలు పడవ అంచు మీద పెట్టారు. సరిగ్గా అప్పుడే పడవవాడు తాడు విప్పాడు. రెండో కాలు పెట్టుకోవడానికి ఆవిడకి పడవ తప్ప వేరే చోటు మిగల్లేదు. కూజాలో నీళ్ళు మాత్రం ఒక్క చుక్క ఒలకలేదు.

ఆవిడ భర్త భావనారాయణాచార్యులుగారు ఒడ్డు మీది పార్కులో, సిమెంటు బెంచీ మీద, మా సామాన్లకి కాపలా కూచుని ఉన్నారు. పడవ కాస్త దూరం పోయాక చూశారు. లేచి నిలబడి పైపంచె తీసి గట్టిగా ఊపారు. పడవవాడు అది వీడ్కోలు అనుకున్నట్టున్నాడు, తనూ చెయ్యి ఊపాడు.

మాలో హిందీ వచ్చినవాణ్ణి నేనే. వచ్చిందంటే, ఎప్పుడో మధ్యమ పరీక్ష పాసయ్యాను కాబట్టి వచ్చి తీరాలని మావాళ్ళ నమ్మకం. గొంతు సవరించుకుని "భాయీ, వాపస్" అన్నాను. అంతకంటే పొడుగు వాక్యం ఆ సమయానికి తట్టలేదు. పడవవాడు చుక్కాని మీద చెయ్యి వేసి, ఎవరి కోసం వాపస్ అన్నట్టు చూశాడు. నేను ఆవిణ్ణి చూపించాను.

సౌభాగ్యలక్ష్మిగారు ఒడ్డు వంక చూశారు. కోట వంక చూశారు. కూజా ఒళ్ళో పెట్టుకుని, కుచ్చిళ్ళు సర్దుకుని, పలక మీద కుదురుగా కూచున్నారు.

"వద్దులెండి మాస్టారూ. పోనీమనండి," అన్నారు.

ఈ ఒక్క మాట ఆవిణ్ణి గుడి వంటింటి గుమ్మం బయట నిలబెట్టింది.

ఇది ఎనభై అయిదులో, దీపావళి వెళ్ళిన తరవాతి సంగతి. ఊరు బొంబాయికి దగ్గర్లో ఒక రేవు. ఒడ్డున పూలమొక్కల పార్కు, ఎదురుగా నీళ్ళ మధ్య పాత కోట. కోట పేరు బోర్డు మీద రాసే ఉంది గానీ మావాళ్ళకి నోరు తిరగలేదు. మా నూజివీడు చేరేసరికి అది సముద్రం కోట అయిపోయింది.

మమ్మల్ని అంత దూరం తీసుకెళ్ళింది మామిడికాయల వర్తకుడు పాండురంగారావు. రెడ్డిగూడెం వైపు తోటలు పూత మీదే మాట్లాడుకుని, కాయ దించి, గడ్డి వేసి పెట్టెలకెత్తి బొంబాయి సేటుకి పంపడం అతని వ్యాపారం. ఏటా దీపావళి తరవాత సేటుని కలిసి వచ్చే సీజను సంగతి మాట్లాడుకొస్తాడు. ఆ ఏడు కాపు బాగా దిగింది. పైగా తనకి ఏ దేవుడి పేరు పెట్టారో ఆ దేవుణ్ణి ఒక్కసారైనా చూడలేదని వాళ్ళమ్మ పోయేదాకా సాధించిందట. అందుకని భార్య పుష్పావతినీ, బంధువుల్నీ, పండరిపురంలో పూజ దగ్గరుండి చేయించడానికి మా వీధి గుడి అర్చకులు ఆచార్యులుగారి దంపతుల్నీ, హిందీకి నన్నూ వెంటపెట్టుకుని బయల్దేరాడు. పండరిపురం అయ్యాక బొంబాయి. అక్కడ సేటు, ఇంత దూరం వచ్చారు కదా అని, ఒక రోజు మమ్మల్ని వ్యానెక్కించి కోట చూసి రమ్మన్నాడు.

రేవు దగ్గర ఆచార్యులుగారు ఆగిపోయారు.

"నేను రాను. మా వంశంలో సముద్రం దాటినవాళ్ళు లేరు. దాటితే స్వామిని ముట్టుకునే అర్హత పోతుంది," అన్నారు.

"అయ్యగారూ, పావుగంట పడవండి. అదుగో, కోట గుమ్మం కనపడుతూనే ఉంది," అన్నాడు పాండురంగారావు.

"కనపడినా అది సముద్రమే కదండీ."

ఆయన బెంచీ మీద కూచున్నారు. ఆయన కూచున్నారు కాబట్టి ఆవిడా కూచున్నారు. నువ్వేమంటావని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. ఆవిణ్ణి ఏదైనా అడగాలని అంతవరకూ ఎవరికీ తోచలేదు కూడా.

సౌభాగ్యలక్ష్మిగారి పుట్టిల్లు ఉంగుటూరు. చుట్టూ వరిచేలు తప్ప మరొకటి లేని ఊరు. పదహారో ఏట నూజివీడు వచ్చారు. వచ్చిన వారానికి అత్తగారు గుడి వంటింటి తాళం చేతికిచ్చి, తను మంచమెక్కారు. అది మొదలు స్వామివారి నైవేద్యం ఆవిడ చేతి మీదే. గుడిని ఆనుకునే వాళ్ళ ఇల్లు. ఇంటికీ గుడి వంటింటికీ మధ్య ఒక గోడ, గోడలో ఒక కిటికీ. ఆవిడ లోకం ఆ కిటికీకి అటూ ఇటూ ఉండేది. తిరుపతి ఒకసారి, బెజవాడ నాలుగైదుసార్లు వెళ్ళారు. బందరు దగ్గర సముద్రం ఉందని విన్నారే గానీ చూడలేదు. గుడికి సెలవుండదు. మనం ఎక్కడికన్నా వెళ్తే స్వామి ఆకలితో ఉంటాడన్నది ఆచార్యులుగారి మాట. మా ప్రయాణానికైనా ఆయన ఒప్పుకున్నది ముసునూరు నుంచి తమ్ముడి కొడుకు వచ్చి ఆ పదిరోజులూ చూస్తానన్నాకే.

ఆవిడ చేతి వంట గురించి నేను చెప్పడం కంటే మా వీధిని అడగడం మంచిది. ఆవ పెట్టిన పులిహోర, మిరియం పంటికింద తగిలీ తగలనట్టుండే దద్ధోజనం. వేసవిలో చింతపండు మాని, కలెక్టరు మామిడికాయ తురిమి కలిపేవారు. ఆ రోజుల్లో కాయలెత్తడానికి వచ్చిన లారీ డ్రైవర్లు కూడా గుళ్ళో గంట మోగగానే లారీ దిగి చేతులు కడుక్కునేవాళ్ళు. వాళ్ళలో కొందరికి మన దేవుడి పేరు కూడా తెలీదు.

అలాంటి మనిషి పడవలో కూచుని, మొదటిసారి సముద్రం మీద పోతున్నారు. పుష్పావతి ఆవిడ చెయ్యి పట్టుకుని "భయంగా ఉందా అమ్మగారూ?" అని అడిగింది. తను కళ్ళు మూసుకునే అడిగింది.

"లేదమ్మా. పెద్ద గంగాళంలో ఎసరు కదులుతున్నట్టుంది," అన్నారావిడ.

కోటలో ఒక ముసలి గైడు మాకు తగులుకున్నాడు. ఫిరంగులు చూపించాడు. మగవాళ్ళంతా తలా ఒక ఫిరంగి మీద చెయ్యి వేసి నిలబడ్డారు. పాండురంగారావు బురుజెక్కి లోపలి ఖాళీ స్థలమంతా కలయజూసి, "మాస్టారూ, వదిలేశారు గానీ, ఇందులో మంచి తోట పడుతుందండీ. చుట్టూ గోడుంది, కోతుల బెడద లేదు," అన్నాడు. గైడు ఏమన్నాడని అడిగాడేమో అనుకుని నేను ఏదో అనువాదం చేశాను. ఏ రాజు ఏ రాజు మీదికి వచ్చాడో నాకు సరిగా అర్థం కాలేదు. అందుకని ఇద్దరూ ఇద్దరి మీదికీ వచ్చారని చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు.

సౌభాగ్యలక్ష్మిగారు ఒక్కరే ప్రశ్న వేశారు.

"ఇంతమంది సైన్యం ఉండేది కదండీ, వంటెక్కడ చేసేవాళ్ళు?"

గైడు నా వంక చూశాడు. నాకు రసోయీ అన్న మాట దొరికింది. ముసలాడి మొహం విప్పారింది. ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడిగి ఉండరు. ఫిరంగులు వదిలేసి, కూలిన గదుల మధ్య నుంచి ఒక పొడుగాటి వసారాలోకి తీసుకెళ్ళాడు. గోడ వెంబడి రాతి పొయ్యిలు. ఒక్కో పొయ్యి మీద మనిషి పట్టేంత గంగాళం కూచుంటుంది. పై కప్పు సగం లేదు, ఉన్న సగం ఇంకా మసిగానే ఉంది.

ఆవిడ ఒక్కొక్క పొయ్యి దగ్గరా ఆగారు. వంగి చూశారు. ఒక పొయ్యి ముందు గొంతుక్కూచుని, కట్టె తోసినట్టు చెయ్యి ముందుకు చాపి చూశారు. తరవాత లేచి సముద్రం వైపు కిటికీలోంచి వచ్చే గాలికి ఎదురుగా నిలబడ్డారు.

"మూతి గాలికి ఎదురుగా పెట్టారు. పొగంతా వండేవాళ్ళ కళ్ళల్లోకే. ఎవరో మగాడు కట్టించి ఉంటాడు," అన్నారు.

నేను దీన్ని హిందీలోకి మార్చలేదు.

అక్కడ్నించి ఆవిణ్ణి కదిలించడానికి చాలా సేపు పట్టింది. మిగతావాళ్ళు గుర్రాల సాలా, జైలూ చూసొచ్చేదాకా ఆవిడ ఆ పొయ్యిల గట్టు మీదే, కూజా పక్కన పెట్టుకుని కూచున్నారు. మేం తిరిగి వచ్చేసరికి మొహం కడిగినంత తేటగా ఉంది. ఏం చేస్తున్నారమ్మా అంటే, ఏమీ లేదు, కూచున్నానంతే, అన్నారు. పొయ్యి దగ్గర ఏ పనీ లేకుండా కూచోవడం ఎలా ఉంటుందో అంతవరకూ తెలీలేదట.

తిరుగు పడవ దిగేసరికి ఆచార్యులుగారు అదే బెంచీ మీద, సామాన్లన్నీ చుట్టూ పేర్చుకుని, మేం అనుకున్నంత కోపంగా కాకుండా, కాస్త తలొంచుకుని కూచుని ఉన్నారు. మా అందరి మధ్యా భార్యని ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడే దగ్గరికెళ్ళి నిలబడ్డారు. ఒకసారి గాలి పీల్చారు. కొంగు ముడి విప్పి ఒక లవంగం తీసి ఆయన చేతిలో పెట్టారు. ఆయన అది బుగ్గన పెట్టుకుని వ్యాను ఎక్కారు.

ఊరొచ్చాక ఈ సంగతి బయటపడేది కాదు గానీ, పుష్పావతికి ఆ ప్రయాణం పెళ్ళి కంటే బాగా నచ్చింది. ఎవరు కనపడ్డా కోట గురించి చెప్పేది. చెప్పినప్పుడల్లా "మా అమ్మగారైతే కూజాతో సహా ఎక్కేశారండీ, దింపుతామన్నా దిగలేదు" అని మెచ్చుకోలుగా ముగించేది. ఆ మెచ్చుకోలు వీధులు దాటి గుడి కమిటీ పెద్ద రామచంద్రమూర్తిగారి చెవిన పడింది.

రామచంద్రమూర్తిగారు ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. చెడ్డవాడు కాడు. ఎండాకాలం గుడి ముందు చలివేంద్రం ఆయన పెట్టించిందే. కానీ ఆయన చిన్నతనంలో వాళ్ళ మేనమామ రంగూన్ వెళ్ళి తిరిగొస్తే, సముద్రం దాటొచ్చాడని తాతగారు పోయేదాకా ఆ మేనమామకి వసారాలోనే విస్తరి వేయించారు. ఆయన్ని ఎత్తుకుని తిప్పిన మేనమామ అతను. సముద్రం దాటినా ఏమీ కాదని ఇప్పుడు ఒప్పుకుంటే, ఆ మనిషి అన్నేళ్ళు వసారాలో ఎందుకు తిన్నట్టు? ఈ మాట ఆయన నాతో తరవాతెప్పుడో అన్నారు. అప్పుడు మాత్రం శాస్త్రమే మాట్లాడారు.

గుడి మంటపంలో మీటింగు పెట్టారు. ప్రయాణానికి బాధ్యుడని పాండురంగారావునీ, సాక్షినని నన్నూ పిలిచారు. సౌభాగ్యలక్ష్మిగారు వంటింటి తలుపు పక్కన నిలబడ్డారు.

"సముద్రం దాటిన చేత్తో నైవేద్యం వండకూడదు. నేను కొత్తగా పుట్టించింది కాదు," అన్నారు రామచంద్రమూర్తిగారు.

"దాటడం ఎక్కడిదండీ బాబూ," అన్నాడు పాండురంగారావు. "అది హార్బరు లోపలే ఉంది. హార్బరు లోపల తిరిగితే లోకల్ మాలు. హార్బరు దాటితేనే ఎగుమతి. నన్నడగండి, నేను చెప్తాను."

"అది మీ కాయలకి, పాండురంగారావుగారూ. మనిషికి కాదు."

"పోనీ, దాటడమంటే అవతల ఒడ్డుకి చేరాలి కదండీ. మేం మధ్యలోంచే తిరిగొచ్చేశాం."

ఇది కాస్త పనిచేసింది. రామచంద్రమూర్తిగారు ఆలోచించారు. ఆయనకీ ఎవర్నీ బాధపెట్టాలని లేదు. తలుపు వైపు తిరిగి మెత్తగా అన్నారు:

"అమ్మా, కూజా ఇవ్వబోయి పొరపాటున పడవలో ఉండిపోయారని విన్నాను. తెలియక జరిగిందని స్వామి ముందు ఒక్క మాట అనండి. పంచగవ్యం పుచ్చుకోండి. అంతటితో సరి. రేపటి నుంచి యథాప్రకారం వండుకోవచ్చు."

మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. ఆచార్యులుగారు తల గట్టిగా ఊపారు.

"పొరపాటు ఎక్కేటప్పుడండీ. ఎక్కాక పొరపాటేం లేదు," అన్నారు సౌభాగ్యలక్ష్మిగారు.

"అదేంటమ్మా?"

"వెనక్కి తిప్పమని మాస్టారు అన్నారు. వద్దన్నాను. చూడాలనిపించి వెళ్ళాను. పంచగవ్యం తాగుతాను. తెలియక అని మాత్రం స్వామి దగ్గర ఎలా అనేదండీ? ఆయనకి తెలుసు కదా."

రామచంద్రమూర్తిగారు నా వంక చూశారు. నేను స్తంభం వంక చూశాను. ఆ మాట అనే వరకూ గుడి వంటింట్లోకి ఆవిడ రాకూడదని తీర్మానమైంది. వంట ఆచార్యులుగారు చేసుకోవాలి. తాళం ఆవిడే తెచ్చి మంటపం మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయారు. అది మొదలు తాళంచెవి రామచంద్రమూర్తిగారి దగ్గరే ఉండేది, వంట వేళకి ఆయనే తలుపు తీయించేవారు.

ధనుర్మాసం వచ్చేసింది. మాకు ఆ నెలంతా తెల్లవారుజామునే పొంగలి. చలికి దుప్పట్లు కప్పుకుని వీధి వీధంతా గుళ్ళో చేరేది ఆ పొంగలికే. భక్తి కూడా ఉండేది, లేదనను.

ఆచార్యులుగారి పొంగలి మొదటిరోజు జావగా వచ్చింది. రెండోరోజు సరిచేశారు, విస్తరాకులో నుంచి ఊడలేదు. పెసరపప్పు ఒకచోటా బియ్యం ఒకచోటా ఉడికేవి. నైవేద్యం అయ్యేదాకా రుచి చూడకూడదు కాబట్టి, అందరితో పాటు ఆయనకీ ప్రసాదం పంచాకే తెలిసేది. పంచుతూ ఎవరి మొహమూ చూసేవారు కాదు. జనం ప్రసాదాన్ని కళ్ళకద్దుకునే సేపు పెరిగింది. ఒకరోజు నా పక్కన నిలబడ్డ పాండురంగారావు దొప్ప అటూ ఇటూ తిప్పి చూసి, "మాస్టారూ, ఇది మగ్గేసిందండీ," అన్నాడు మెల్లిగా.

ఒక ఉదయం వాళ్ళింటికి వెళ్ళాను. సౌభాగ్యలక్ష్మిగారు గోడలో కిటికీ కింద పీట వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉన్నారు. అటు వైపు గరిటె చప్పుడు.

"ఏవండీ, మంట తియ్యండి," అన్నారు కిటికీలోకి.

"తీశాను," అన్నారు అటు నుంచి ఆచార్యులుగారు.

"తియ్యలేదు. అడుగంటింది. వాసన ఇటొచ్చింది."

అటు కట్టెలు లాగిన చప్పుడు. తరవాత దగ్గు.

"ఆ ఒక్క మాటా అనెయ్యకూడదటమ్మా," అన్నాను నేను. "ఎవరికీ నష్టం లేదు కదా."

ఆవిడ నా వంక చూసి నవ్వారు. కళ్ళు బాగా అలిసిపోయి ఉన్నాయి.

"పొద్దున్నే లేస్తానండీ మామూలుగా. లేచాక ఈ చేతులు ఏం చెయ్యాలో తెలీదు. అత్తగారు నాకిచ్చింది ఆ తాళం ఒక్కటే. అది లేకపోతే ఈ ఇంట్లో నేనెవరో నాకే సరిగా తోచడం లేదు," అన్నారు. చేతుల వంక చూసుకున్నారు. "అయినా మాస్టారూ, ఆ రోజు నన్ను ఎవరూ తీసుకెళ్ళలేదు. నా అంతట నేను వెళ్ళాను. నేనలా వెళ్ళింది అదొక్కటే. దాన్ని తెలియక అని ఎలా అనమంటారు?"

కిటికీ అవతల గరిటె చప్పుడు ఆగిపోయి ఉంది. ఆచార్యులుగారు వింటున్నారని నాకు అనిపించింది.

ముక్కోటి ఏకాదశి దగ్గరపడింది. ఆ రోజు ఉత్తర ద్వారం తెరుస్తారు, పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వస్తారు. ప్రసాదం మామూలు రోజులకి పదింతలు కావాలి. ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి కమిటీ మళ్ళీ మంటపంలో చేరింది. రామచంద్రమూర్తిగారు బియ్యం, బెల్లం, విస్తళ్ళ సంగతి తేల్చారు. వంట దగ్గరికి వచ్చేసరికి అందరూ నేల చూపులు చూశారు.

"బెజవాడ నుంచి వంటవాణ్ణి పిలిపిద్దాం," అన్నారు రామచంద్రమూర్తిగారు.

"ఒక మనవి ఉందండీ," అన్నారు ఆచార్యులుగారు. ఆయన కమిటీ ముందు అంతవరకూ ఎప్పుడూ మనవి చెయ్యలేదు. నిలబడి చేతులు కట్టుకున్నారు. "ఆ రోజు పడవ వెళ్ళిపోయాక నేను పార్కులో ఒక్కణ్ణే ఉండిపోయాను. పెట్టె తాళంచెవి ఆవిడ కొంగునే ఉంది. అటుకులు పెట్టెలో ఉన్నాయి. బాగా ఆకలేసింది."

"అయితే?"

"అక్కడ బండి మీద ఒకతను ఏదో అమ్ముతున్నాడు. పేరు తెలీదండీ. రొట్టె మధ్యలో బంగాళాదుంప ఉండ వేయించి పెట్టాడు. పైన ఎర్రటి పొడి చల్లాడు. తిన్నాను."

బండి మీద వండింది, ఎవరో ముట్టుకున్నది, మా ఆచార్యులుగారు తినడం అంటే మా వీధిలో అది మామూలు మాట కాదు. ఆయన మా ఇళ్ళల్లో మంచినీళ్ళు కూడా పుచ్చుకునేవారు కాదు.

"పొడి ఏంటి?" అని అడిగారు రామచంద్రమూర్తిగారు, జవాబు వద్దన్నట్టుగా.

"వెల్లుల్లి అండీ."

"తెలియక తిన్నారు," అన్నారు వెంటనే రామచంద్రమూర్తిగారు. ఆయన గొంతులో కంగారు నాకు వినపడింది. ముసునూరు తమ్ముడి కొడుక్కి ముక్కోటి నాడు సొంత గుడి ఉంటుంది. ఈయన్ని కూడా ఆపితే ఉత్తర ద్వారం తెరిచేవాళ్ళు ఉండరు. "వెల్లుల్లి అని మీకు తెలీదు. తెలియక తిన్నారు. అంతేగా?"

ఆచార్యులుగారు వంటింటి తలుపు వైపు చూశారు. ఈసారి ఆ తలుపుకి తాళం ఉంది. సౌభాగ్యలక్ష్మిగారు ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"మొదటిది తెలియకేనండీ," అన్నారాయన. కట్టుకున్న చేతులు విప్పారు. "రెండోది తెలిసే."

పాండురంగారావు పైపంచె నోటికి అడ్డం పెట్టుకుని, దగ్గు వచ్చినట్టు బయటికి వెళ్ళిపోయాడు.

"అమ్మా, ఈ సంగతి మీకు తెలుసా?" అన్నారు రామచంద్రమూర్తిగారు.

"పార్కులోనే తెలిసిందండీ. అందుకే లవంగం ఇచ్చాను."

"మరి చెప్పలేదేం?"

"ఆయన చెప్పుకోవాల్సింది నేనెలా చెప్తానండీ?"

రామచంద్రమూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. మేనమామ గురించి ఆలోచిస్తున్నారని అప్పుడు నాకు తెలీదు. చివరికి లేచి నిలబడ్డారు.

"ఇద్దరూ పంచగవ్యం పుచ్చుకోండి. మాటలేమీ అక్కర్లేదు," అన్నారు. జేబులోంచి గుడి వంటింటి తాళంచెవి తీసి, కమిటీవాళ్ళ చేతికి ఇవ్వకుండా, తనే నడిచి వెళ్ళి ఆవిడ చేతిలో పెట్టారు.

పంచగవ్యం ఆచార్యులుగారు మొహం చిట్లించుకుంటూ తాగారు. ఆవిడ మంచినీళ్ళలా తాగి, గిన్నె కడిగి బోర్లించి, కొంగు బిగించి వంటింట్లోకి వెళ్ళారు. కాసేపటికి లోపల్నుంచి గిన్నెలన్నీ మళ్ళీ తోముతున్న చప్పుడు వచ్చింది.

ముక్కోటి నాడు తెల్లవారకముందే మా వీధి నిండిపోయింది. ఉత్తర ద్వారం తెరిచారు. ఆచార్యులుగారు హారతి ఇచ్చారు. పొంగలి, పులిహోర గంగాళాలతో మంటపంలోకి వచ్చాయి. జనం దొప్పలు కళ్ళకద్దుకుని వెంటనే నోట్లో వేసుకోవడం మొదలుపెట్టారు. పుష్పావతి మూడోసారి వరసలో నిలబడి, వెనకవాళ్ళు అడిగితే పొలానికెళ్ళిన మరిదికి అని చెప్పింది. ఆ మరిది నా పక్కనే నిలబడి తింటున్నాడు.

రామచంద్రమూర్తిగారు అందరి తరవాత తీసుకున్నారు. స్తంభం పక్కకి వెళ్ళి పులిహోర మొత్తం తిన్నారు. దొప్ప పారెయ్యకుండా వంటింటి గుమ్మం దాకా వచ్చారు. తాళంచెవి ఇచ్చి తగ్గించుకున్న పెద్దరికం కాస్తయినా చూపించుకోకపోతే ఆయనకి ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదనుకుంటాను.

"అమ్మా, అంతా బాగుంది గానీ, పులిహోరలో ఉప్పు ఒక్క పిసరు ఎక్కువైంది," అన్నారు.

సౌభాగ్యలక్ష్మిగారు గంగాళం అడుగున మిగిలింది గరిటెతో తీసి ఆయన దొప్ప నింపారు.

"సముద్రం దాటొచ్చిన చెయ్యి కదండీ, కాస్త ఉంటుంది."